సాలు

పోయిన నెల మైక్రోటోమ్ అంచు
నా బొటనవేలిని కోసింది.
రిబ్బను లెక్క సాగుతున్న మైనం మీద
ఒక నెత్తురు చుక్క.
ఎనిమిది రోజులకు గాయం మూసుకుంది.
మూసుకుని, ఆగింది.
వేలి మీద ఇంకో వేలు మొలవలేదు.
అటు అంచు ఇటు అంచును తాకింది,
తాకంగనే రెండూ ఏదో విన్నట్టు సల్లబడ్డయి.
ఎవరు చెప్పిన్రో వాటికి, సాలు అని.

మా పర్కాల దిక్కు సాలు అంటే
నాగలి గీసిన గీత,
పత్తి గింజ ఎక్కడ పడాల్నో, ఎక్కడ పడొద్దో.
గిన్నె మీద చెయ్యి అడ్డంపెట్టి అనేది కూడా అదే, సాలు.
వరంగల్ కొచ్చి కొత్తవాడలో కిరాయికి ఉన్నంక
పొద్దుగాల్నే చప్పుడు చేసే సాలె మగ్గం.
పదహారేండ్ల నుంచి ఈ ల్యాబ్‌లో
గాజు పలకలకు గులాబీ, ఊదా అద్దుతున్న.
ఆ మాటలన్నీ ఒక్క తావున కలిసింది మాత్రం
సామల ఓదెమ్మ పలక మీదనే.

యాభై నాలుగేండ్లు. కుడి రొమ్ము.
ఫార్మలిన్ సీసాలో చింతగింజంత ముక్క.
నా వేలు తెగింది ఆ దిమ్మె కోస్తుంటేనే.

బుద్ధిగల కణం రెండుగా చీలే ముందు
తన పోగులన్నిటినీ నడుమ
ఒక సాలు పెడుతది.
రెండు కొసల నుంచి కదురు దారాలొచ్చి
ఒక్కో పోగును అందుకుంటయి.
ఒక్కటంటే ఒక్కటి పట్టు దొరకక తేలినా
కణం కణమంతా ఊపిరి బిగబట్టి నిలబడుతది.
కటకం కింద ఆ నిలబడుడు చూస్తే
నాకు ఎప్పుడూ మొక్కబుద్ధయితది.

ఓదెమ్మ పలకలో కదురుకు మూడు కొసలు.
దారం దొరకని పోగులు చెదిరి ఉన్నయి,
అయినా చీలుతనే ఉంది.
పక్కదాని భుజం తగిలినా ఆగదు,
పక్కదాని మీదికెక్కుతది.
లెక్క తీసుడు మేడం పని.
నేను ఊరికే, నా కోసం లెక్కపెట్టిన.
ముప్పై దాటినంక కళ్ళు తీసిన.

రిపోర్టు కోసం వచ్చి బెంచీ మీద కూసుంది.
"ఏముంది బిడ్డా ల?"
"మేడం చెప్తదమ్మా."
నా వేలు చూసింది. కొత్త తోలు, ఇంకా గులాబీగనే.
"ఎప్పుడు తెగింది?"
"నీ ముక్క ఇచ్చిన్నాడే."
"మరి నీది మానింది గదా.
నాదెందుకు పెరుగుతాంది?"

జవాబు చెప్పే అధికారం లేదు నాకు.
అందుకే వేరే ముచ్చట చెప్పిన.
కడుపులో పిల్లకు ముందు చేతులుండవమ్మా,
తెడ్లుంటయి.
నడుమ ఉన్న కణాలు తమంతట తామే చచ్చి
సందు ఇస్తే అయిదు వేళ్ళయితయి.
పెరిగేటివి పెరగాలె, పోయేటివి పోవాలె.

ఓదెమ్మ తన వేళ్ళు విప్పి
కిటికీ వెలుగుకు పట్టింది.
ముప్పై ఏండ్లు జంపఖానాలు నేసి
కణుపులు గట్టిపడ్డ వేళ్ళు,
వాటి నడుమ ఎవరో చచ్చిపోయి ఇచ్చిన సందులు.
"పడుగు అయిపోతే మగ్గం ఊకుంటది," అన్నది.
"ఊకోకుంటే అది జంపఖాన గాదు, చిక్కు."
కొంచెం సేపటికి,
"బయటికెళ్ళి వచ్చిందా ఇది?"
తల అడ్డంగ ఊపిన, అధికారం ఉన్నా లేకున్నా.
"నా పోగేనా?"
"ఊఁ."
"మరి తిట్టాలంటే ఎవర్ని తిట్టాలె?"
నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

లోపలికెళ్ళి పేరు పిలిచిన్రు.
కొంగు సదురుకుంట లేచి
తలుపు కాడ మళ్ళీ తిరిగింది.
"గా చిన్న ముక్కను ఎన్ని పొరలు కోసినవు?"
"నలభై దాకా."
"సాలు మరి," అన్నది.

మేడం ఇంకో పది అడిగింది.
మందు ఏది పనిచేస్తదో చూడాలంట.
దిమ్మెను మంచుగడ్డ మీద పెట్టి
బ్లేడు మార్చిన.